గోస్తనీ ఒడ్డున అద్దె ఇల్లు: తగరపువలసలో మా అనుభవం

మావారి ఉద్యోగం మధురవాడలో, నాది విజయనగరంలో. పెళ్లయిన దగ్గర్నుంచీ విశాఖలో, ఎంవీపీ కాలనీలోనే అద్దెకుండేవాళ్లం. నేను చీకటితో లేచి, బస్సు పట్టుకుని విజయనగరం వెళ్లి, డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేదాన్ని. పాపను స్కూల్లో వేసే వయసొచ్చేసరికి ఇక ఇలా కుదరదని ఇద్దరమూ అనుకున్నాం. ఇద్దరికీ మధ్యలో ఉండే ఊరేదని చూస్తే తగరపువలస కనిపించింది. నేషనల్ హైవే మీదే ఉంటుంది. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి 222 నంబరు సిటీ బస్సు వస్తుంది. విజయనగరం బస్సులూ ఆ మీదుగానే వెళ్తాయి. పక్కనే గోస్తనీ నది. అత్తయ్యగారికైతే ఆ నది పేరు వినగానే ఊరు నచ్చేసింది.

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర నుంచి దిగి, తాటిపూడి రిజర్వాయర్‌లో ఆగి, జామి, పద్మనాభం మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది గోస్తనీ. 1794 జూలైలో విజయనగరం రాజుకీ ఈస్టిండియా కంపెనీకీ యుద్ధం జరిగింది ఆ పద్మనాభం దగ్గరే. ఎండాకాలం చూస్తే ఇది నదేనా అనిపిస్తుంది. అంతా ఇసుక, మధ్యలో సన్నగా పాయ. ఆ ఇసుకలోనే ఊటబావులు వేసి విశాఖ నగరానికి తాగునీళ్లు పంపుతున్నారు. విశాఖలో ఉన్నన్నాళ్లూ మేం తాగిన నీళ్లలో ఈ నదివీ కొన్ని ఉండే ఉంటాయి.

ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే తెలిసింది, అద్దెలు మేం అనుకున్నంత తక్కువేమీ కావని. హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే భోగాపురం. 2023 మేలో అక్కడ ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఆ మాట ఎత్తని ఇంటి ఓనరు మాకు కనిపించలేదు. "ఎయిర్‌పోర్టు వచ్చీస్తంది కదండీ, రేపు ఇదే ఇల్లు ఎంతకెళ్తాదో తెలీదు" అంటూ రేపటి అద్దె ఈరోజే అడిగేవారు. అయినా మధురవాడతో పోలిస్తే సగానికి కాస్త పైన. రెండు బెడ్‌రూముల ఇల్లు తొమ్మిది వేల దగ్గర దొరుకుతుందని అర్థమైంది.

మొదట ఓ బ్రోకర్‌ని పట్టుకున్నాం. ఇల్లు చూపించడానికే ముందు కొంత డబ్బు అడిగాడు, కుదిరితే నెల అద్దె కమీషన్. అతను చూపించినవన్నీ హైవేకి ఆనుకుని ఉన్న కొత్త బిల్డింగులు. రాత్రంతా లారీల మోత. ఇలాంటి ఊళ్లో ఖాళీ ఇళ్ల సంగతి బ్రోకర్ల కంటే కిరాణా కొట్టువాళ్లకీ, పాలు పోసేవాళ్లకీ, మందుల షాపువాళ్లకీ బాగా తెలుసు. మాకు ఇల్లు దొరికింది కూడా మందుల షాపాయన చెప్పబట్టే. "నది వైపు ఒక మాస్టారి అపార్ట్‌మెంట్ ఉందండీ, రెండో అంతస్తులో వాళ్లు వెళ్లిపోతున్నారు, బోర్డు కూడా పెట్టలేదింకా" అన్నాడు. కమీషనేమీ తీసుకోలేదు.

దానికి ముందు చూసిన ఒక ఇంటి గురించి చెప్పాలి. ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, అద్దె కూడా మాకు అందేదే. ఓనరుగారి భార్య కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, అన్నీ అడిగాక నెమ్మదిగా "ఇంతకీ మీరేమిట్లమ్మా?" అన్నారు. అడిగేది కులమని ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. నేను జవాబు చెప్పలేదు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి బయటికొచ్చేశాను. మా కులం వాళ్లకి సరిపోయేదో కాదో నాకనవసరం. చెప్పి ఆ ఇల్లు తీసుకుంటే, ఆ ప్రశ్నకి బయటే ఆగిపోయిన ఎందరి తర్వాతో మాకు అది దక్కినట్టు. ఆ గోడల మధ్య పాపని పెంచాలనిపించలేదు. మావారు కూడా ఒక్క మాట అనకుండా బండి స్టార్ట్ చేశారు.

మాస్టారి అపార్ట్‌మెంట్ చిట్టివలస వైపు లోపలి వీధిలో ఉంది. ఆ వీధిలో పెద్దవాళ్లు చాలామంది ఒకప్పుడు జూట్ మిల్లులో పనిచేసినవాళ్లే. 2009లో మిల్లు మూతపడింది. ఆ మాట వస్తే ఇప్పటికీ గొంతులు మారిపోతాయి. మేం వెళ్లినప్పుడు మాస్టారు బయటే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇల్లు చూపించి, "వెంటిలేషన్ చూడమ్మా, సాయంత్రం నది మీంచి ఎంత గాలొస్తుందో" అన్నారు. నిజంగానే బాల్కనీలోంచి ఇసుకతిన్నెలు, అవతలి ఒడ్డున తాటిచెట్లు కనిపిస్తున్నాయి. మావారు అప్పటికే ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నారు.

నేను మాత్రం ఓనర్‌ని అడగాల్సింది ఆయన్ని అడిగి, ఇంటి సంగతి ఇంట్లో ఉన్నవాళ్లని అడగాలని ముందే అనుకున్నాను. ఓనర్లంతా అబద్ధం చెప్తారని కాదు. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే ఏమవుతుందో మాస్టారికి తెలియదు, అక్కడ గిన్నెలు తోమే మనిషికి తెలుసు. అందుకే ఖాళీ చేసి వెళ్తున్న ఆ అమ్మాయితో వంటింట్లో నిలబడి మాట్లాడాను. ఆమె సంతోషంగా చెప్పింది. వంటింటి సింకు పైపు కారుతుంది, పడమటి గదికి సాయంత్రం ఎండ కొడుతుంది, నీళ్లకి మాత్రం వైశాఖం, జ్యేష్ఠం కష్టం. బోరు లోపలికి దిగిపోతే మోటారు గాలి తంతుంది, అప్పుడు ట్యాంకరు తెప్పించుకోవాలి. డబ్బులు అందరూ వేసుకోవాలి. వేసుకోమంటే కొందరు వేసుకోరు, దాని మీదే గొడవలు. మునిసిపాలిటీ కుళాయి వస్తుంది గానీ రోజూ కాదు.

నది పక్కనే ఉండి నీళ్లకి ఇబ్బందేమిటని అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు. ఇసుక కింద ఎంత నీరుంటే బోర్లకీ అంతే. పైన తాటిపూడిలో నీళ్లాపుతారు, కింద ఊటబావులు లాగుతాయి, మధ్యలో మన వీధి. వర్షాకాలం సంగతి వేరు.

ఆ సంగతే కింద వాటాలో ఉండే మామ్మగారు చెప్పారు. ఆవిడ భర్త మిల్లు కార్మికుడు, ఇప్పుడు లేరు. ఆవిడ ఇక్కడే అపార్ట్‌మెంట్ కట్టకముందు పాత పెంకుటింట్లోనూ ఉన్నారట. నేనడగ్గానే చేయి పట్టుకుని కాంపౌండ్ గోడ దగ్గరికి తీసుకెళ్లి, సున్నం కింద లీలగా కనిపించే మట్టి గీత చూపించారు. "ఇదిగో తల్లీ, ఇక్కడిదాకా వచ్చీసింది. నది కాదు, గెడ్డ నీళ్లు. తాటిపూడి గేట్లు ఎత్తీసినప్పుడు నదిలో నీళ్లు నిండుగా ఉంటాయి కదా, ఈ కాలవ నీళ్లు పోడానికి దారుండదు. ఎనక్కి తన్నుతాయి. నువ్వు పైనుంటావు, నీకేటీ అవదు. బండి మాత్రం కింద పెట్టకు ఆ రోజుల్లో." హుద్‌హుద్ తుఫాను సంగతి కూడా ఆవిడే చెప్పారు. 2014 అక్టోబర్ 12. ఆ గాలికి పెంకులన్నీ ఎగిరిపోయాయట, తెల్లారి చూస్తే వీధిలో నిలబడ్డ చెట్టు ఒక్కటి లేదట. నీళ్లు, కరెంటు లేకుండా ఎలా గడిపారో చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. మేమూ విశాఖలో అది చూసినవాళ్లమే. ఇద్దరం కాసేపు ఆ గోడ దగ్గరే నిలబడిపోయాం.

ఇల్లు చూసినది వేసవిలో కావడం మాకు కలిసొచ్చింది. నీళ్లు ఎంత తక్కువగా ఉంటాయో కళ్లారా చూశాం. తర్వాత తొలకరి వానలు పడ్డాక ఒక సాయంత్రం మళ్లీ వెళ్లి వీధిలో నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూసుకున్నాం. నది ఒడ్డున ఇల్లు తీసుకునేవాళ్లు కుదిరితే ఎండలోనూ, వానలోనూ చూడాలని నేను గట్టిగా చెబుతాను.

నీళ్ల విషయంలో నేను చేసిన ఇంకో పని మాస్టారికి మొదట్లో వింతగా తోచింది. చూసిన ఇళ్లలో నచ్చిన ప్రతిచోటా లీటరు సీసాలో బోరు నీళ్లు పట్టుకున్నాను. "నీళ్లు పరీక్ష చేయిస్తావేటమ్మా?" అన్నారాయన. చేయించడం కాదు, నేనే చేస్తానన్నాను. మా కాలేజీ ల్యాబ్‌లో ఫైనలియర్ పిల్లల చేత ఎలాగూ చేయించే ప్రాక్టికలే అది. 50 మిల్లీలీటర్ల నీళ్లలో అమోనియా బఫర్ వేసి, రంగు మారి చూపించే ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే పొడి చిటికెడు వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. బ్యూరెట్ అనే కొలత గొట్టంలోంచి ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే ఆ ఎరుపు మెల్లగా ఊదాలోకి, ఒక్క చుక్కతో నీలంలోకి మారిపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్నిబట్టి నీళ్ల కఠినత్వం, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతున్నాయో తెలుస్తుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో అది లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే గతి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. హైవే పక్క కొత్త బిల్డింగ్ నీళ్లు 480 దగ్గర తేలాయి. కుక్కర్ అడుగున తెల్లటి పొర, సబ్బుకి నురగ రాకపోవడం, గీజర్ కాయిల్ తొందరగా పోవడం, అన్నీ ఈ కఠినత్వం వల్లే. మాస్టారి అపార్ట్‌మెంట్ నీళ్లు 190. నదికి దగ్గర కాబట్టి ఇసుకలోంచి వచ్చే నీళ్లు మెత్తగా ఉన్నాయి. కాయితం మీద రాసి మాస్టారికి చూపిస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ కాయితం ఇప్పటికీ ఆయన ఇంట్లో క్యాలెండర్ పక్కన అంటించి ఉంది.

తర్వాత కరెంటు మీటరు. మేం చూసిన ఇళ్లలో రెండు వాటాలకి ఒకటే మీటరు ఉన్నవి ఉన్నాయి. "బిల్లు చెరిసగం వేసుకోండి" అంటారు, వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మన దగ్గర కరెంటు రేటు శ్లాబుల వారీగా పెరుగుతుంది. 2022లో వచ్చిన టారిఫ్ లెక్కన మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇద్దరూ చెరో 150 యూనిట్లు వాడి, వేరువేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 567 రూపాయలు. అదే ఒకే మీటరు మీద 300 యూనిట్లు పడితే 1,673. అంటే ఊరికే నెలకి అయిదు వందల పైన ఎక్కువ, మిగతా చార్జీలు కాకుండానే. అందుకని విడి మీటరు లేని ఇళ్లు చూడ్డం మానేశాం. మాస్టారి ఫ్లాట్లకి విడివిడిగా మీటర్లున్నాయి, మోటారుకీ మెట్ల లైట్లకీ ఇంకోటి.

ఆ బిల్లు తీసి చూస్తే పేరు మాస్టారిది కాదు, వాళ్ల నాన్నగారిది. ఆయన పోయి చాన్నాళ్లయింది. ఇంటి పన్ను రసీదు కూడా అదే పేరు మీద ఉంది. మాస్టారికి ఒక తమ్ముడున్నాడు, విశాఖలో ఉంటాడు. అన్నదమ్ముల మధ్య ఏ గొడవా లేదు, అయినా రేపు తమ్ముడొచ్చి "నా వాటా ఖాళీ చెయ్యండి" అంటే మేం ఎవరికి చెప్పుకోవాలి? ఇది అడగడానికి నాకు కష్టంగానే అనిపించింది. పెద్దాయన, మనసున్న మనిషి, తప్పుగా అనుకుంటారేమో అని. మావారు "నువ్వే అడుగు, నువ్వంటే ఆయనకి గౌరవం" అని నా మీద పెట్టారు. అడిగాను. మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అడగవలసిన మాటే అడిగావమ్మా" అని తమ్ముడికి ఫోన్ చేశారు. ఆదివారం ఆయన వచ్చి అగ్రిమెంట్ మీద అన్నగారి పక్కన సంతకం పెట్టారు.

అగ్రిమెంట్ వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద, పదకొండు నెలలకి రాయించాం. ఎందుకు పదకొండే అని అత్తయ్యగారు అడిగారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది లోపు లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన రాష్ట్రంలో తర్వాత ఆ చట్టాన్ని సవరించి ఏ లీజునైనా రిజిస్టర్ చేయించాలన్నారు. అయినా పాత అలవాటు కొద్దీ అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. నోటరీ దగ్గర టైపు చేసే కుర్రాడు ఎప్పుడూ వాడే నమూనా ముందు పెట్టి "ఇదే అందరికీ" అన్నాడు. అందులో ఓనరు ఎప్పుడైనా పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చని ఉంది, ట్యాంకర్ల గురించీ పెయింట్ గురించీ ఒక్క ముక్క లేదు. కొట్టేసి మళ్లీ రాయించాం. నోటీసు ఇద్దరికీ రెండు నెలలు. ఏడాదికి అద్దె పెంపు అయిదు శాతం. ఖాళీ చేసేటప్పుడు పెయింట్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల కోసెయ్యడం ఇక్కడ మామూలు. మేం మేకులు కొట్టిన చోట, పాప గోడల మీద రాసిన చోట మాత్రమే మా ఖర్చని రాయించాం. ట్యాంకరు ఖర్చు ఫ్లాటుకి సమానం, ఖాళీ ఫ్లాటు ఉంటే ఆ వాటా ఓనరుది.

కరెంటు కంపెనీ అప్పుడప్పుడూ బిల్లులో అదనపు డిపాజిట్ వేస్తుంది. చాలా ఇళ్లలో దాన్ని అద్దెకున్నవాళ్ల చేతే కట్టిస్తారు. కానీ ఆ డబ్బు సర్వీస్ నంబరు మీదే ఉండిపోతుంది, దానికి వడ్డీ కూడా ఆ ఖాతాలోనే పడుతుంది. మనం వెళ్లిపోయాక అది మనకి రాదు. అది ఓనరే కట్టుకోవాలని వివరంగా చెబితే మాస్టారు ఒప్పుకున్నారు.

అడ్వాన్సు మూడు నెలలడిగారు. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి రెండు నెలలకి మించొద్దని ఉందని మావారు చెప్పారు. అది నమూనాయే, మాస్టారు ఒప్పుకోవాలనేమీ లేదు. ఆయన రెండుకే సరే అన్నారు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాం. కొంచెం పట్టింపు వచ్చింది పాన్ కార్డు దగ్గరే. తొమ్మిది వేల చొప్పున ఏడాదికి 1,08,000. అద్దె ఏడాదికి లక్ష దాటితే, జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపుకి ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. పాన్ మాట వినగానే మాస్టారికి టెన్షన్. "ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఇంటికొస్తారేటమ్మా?" అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న వాళ్లబ్బాయితో మాట్లాడించాం. "నాన్నా, మీ పెన్షనూ ఈ అద్దెలూ కలిపి రిటర్న్ వేస్తే సరిపోతుంది, ఇచ్చెయ్యండి" అన్నాక ఇచ్చారు.

ఇదంతా అయ్యేసరికి ఆషాఢం వచ్చింది. అత్తయ్యగారు ఆ నెలలో ఇల్లు మారడానికి ససేమిరా అన్నారు. మాస్టారూ అదే మాట అన్నారు, పైగా ఆ నెల అద్దె అడగలేదు. తాళాలు ముందే ఇచ్చేస్తే ఆ రోజుల్లో సింకు పైపు మార్పించి, పడమటి గది కిటికీకి వెదురు తడికలు కట్టించాం. తాళం తీసుకున్న రోజే కరెంటు మీటరు రీడింగు, గోడల మీద ఉన్న మరకలు, ఫ్యాన్లు, గీజరు అన్నీ ఫోటోలు తీసి మాస్టారి వాట్సాప్‌కి పంపించాను. "సరేనమ్మా" అని ఆయన తిరిగి మెసేజ్ పెట్టారు. శ్రావణంలో మంచిరోజు చూసి పాలు పొంగించాం. మామ్మగారు పసుపు కుంకుమ పట్టుకొచ్చారు.

గ్యాస్ కనెక్షన్ మార్పు, పాప స్కూలు, ఆధార్ అడ్రసు, వీటన్నిటికీ ఆ అగ్రిమెంటే పనికొచ్చింది. నేనిప్పుడు ఎనిమిదింటికి ఇంట్లోంచి బయల్దేరుతున్నాను. సాయంత్రం పాప స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటున్నాను.

మొదటి వేసవిలో బోరు నిజంగానే దిగిపోయింది. ట్యాంకర్లొచ్చాయి. మూడో అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీగా ఉండటంతో ఆ వాటా మాస్టారు ఇచ్చారు. మిగతా వాళ్ల అగ్రిమెంట్లలో ఆ లైను లేదు, అయినా ఎవరికీ గొడవపడే పని లేకుండా అందరికీ అదే లెక్క కట్టారాయన. పదకొండు నెలలు నిండాక అగ్రిమెంట్ మళ్లీ రాసుకున్నాం. ఈసారి నోటరీ దగ్గరికి మాస్టారే మా పాత కాయితం పట్టుకొచ్చారు. కింద వాటా, మూడో అంతస్తు వాళ్లకి కూడా ఇలాగే రాయమని ఆ కుర్రాడికి చెప్పారు. బోరు ఇంకొంచెం లోతు చేయించే ఖర్చు ఎవరిదన్నది మాత్రం తేలలేదు. దసరా సెలవుల్లో తమ్ముడుగారు వస్తే కూర్చుని మాట్లాడదామన్నారు.